సగం ఫ్రాంక్

డాక్టర్ అన్సెల్మ్ మకాయా కాల్చిన చేపముక్కను మిరపకారంలో అద్దుకుని, ఎదురుగా నిలబడ్డ టాక్సీ డ్రైవర్‌ని చూసి నవ్వాడు.

"కూర్చోవయ్యా ఫిర్మాన్. సీక్రెట్ ఏజెంట్లకి ఆకలి వేయదా?"

"గట్టిగా అనకండి డాక్టర్‌గారూ. నేను మీ టాక్సీవాణ్ణి."

"టాక్సీవాడైతే మరీ మంచిది. ఈపాటికి నా పళ్ళెంలో సగం ఖాళీ చేసేవాడు."

లిబ్రవిల్ సముద్రపు ఒడ్డున, రేకుల కప్పు కింద, మధ్యాహ్నం భోజనాల రద్దీ. వానకి ముందు వచ్చే ఉక్కపోత. ఫిర్మాన్ ముకేతు ముందు బల్లల వంక చూశాడు, తరువాత రోడ్డు వంక, ఆ తరువాత కుర్చీలో కూర్చున్నాడు. మూడు వారాలుగా డాక్టర్‌ని కంటికి రెప్పలా కాస్తున్నాడు. మంచి మనిషి. ఆర్థికశాస్త్రం చెబుతున్నా కూర వండే విధానం చెబుతున్నట్టే ఉంటుంది.

ఒక పిల్ల అనాస రసం గ్లాసు తెచ్చి డాక్టర్ ముందు పెట్టింది. ఆయన సగం తాగాడు.

"నిన్న ఒక విచిత్రం తెలిసిందయ్యా. రేడియో ఈక్వటార్ పాత టేపుల గదికి ఎవరో వచ్చి, మన ఉమ్మడి బ్యాంకు గవర్నర్ ఎలంగా ఇన్నేళ్ళలో ఇచ్చిన ప్రసంగాలన్నీ కాపీ చేయించుకుని పోయారట. అన్నీ! ఆయన పెళ్ళాం కూడా వినని ప్రసంగాలు అవి. ఎందుకంటావ్?"

ఫిర్మాన్ జవాబు చెప్పేలోగా డాక్టర్ చేతిలోని కర్రపెండలం ముక్క జారిపడింది. ఆయన పెదవులు నీలంగా మారాయి. ఫిర్మాన్ బల్ల దాటి ఆయన్ని పట్టుకున్నాడు.

"గొంతు..." అన్నాడు డాక్టర్. "వాళ్ళకి కావలసింది... ఎలంగా గొంతు..."

అంతే. తల ఫిర్మాన్ భుజం మీద వాలింది.

ఫిర్మాన్ వంటగదిలోకి దూకాడు. వంట చేస్తున్న ముసలావిడ బెదిరిపోయి గరిటె పైకెత్తింది.

"రసం తెచ్చిన పిల్ల ఏది?"

"ఏ పిల్ల? నా దగ్గర పిల్లలెవరూ లేరు నాయనా. అన్నీ నేనే మోసుకు చస్తున్నా!"

*

మోంబుయే బజారులో సవరాలు అమ్మే కొట్టు వెనక ఒక గది ఉంది. ఆ గదికి బోర్డు లేదు. అందులో నడిచే ఆఫీసుకి ఏ ప్రభుత్వ కాగితంలోనూ పేరు లేదు. ఆరు దేశాలు కలిసి పెట్టుకున్న గూఢచారి విభాగం అది. దాని బాస్ మదామ్ బసోంగ్. దువాలా దగ్గర పుట్టిన భారీ మనిషి. జడలు అల్లించుకుంటూనే ఫైళ్ళు చూస్తుంది. ఆ రోజు మాత్రం జడలు సగం అల్లి ఉన్నాయి, అల్లే మనిషి లేదు.

"నా కళ్ళ ముందే పోయాడు పెద్దమ్మా," అన్నాడు ఫిర్మాన్. "నన్ను ఈ పనిలోంచి తీసేయ్."

"ఏడుపు తరువాత ఏడుద్దువుగాని. ముందు విను. చమురు ధర ఎక్కడుంది?"

"పాతాళంలో."

"మన ఆరు దేశాలకీ ఫ్రాంక్ ఒకటే. దాని వెనక ఉన్న ఖజానా ఒకటే. చమురు అమ్మి అందులో డాలర్లు పోస్తాం. ఇప్పుడు పోసేవాడు తగ్గాడు, తోడేవాడు పెరిగాడు. కొత్తగా చమురు పడ్డ దేశం ఒక్కటే ఇంకా పోస్తోంది. ఆ దేశపు మంత్రి ఏమంటున్నాడు? 'మీరంతా మంచి రోజుల్లో మేడలు కట్టుకుని తగలేశారు, ఇప్పుడు నా డబ్బు మీకెందుకు పోయాలి' అంటున్నాడు. తప్పేముంది?"

"తప్పు లేదు."

"లేదు. అందుకే మకాయా ప్లాన్ వేశాడు. ఇకమీద ప్రతి దేశం మంచి రోజుల్లో చమురు డబ్బులో కొంత వాటా ఉమ్మడి నిధిలో దాచాలి. ఎవరూ ముట్టకూడదు. చెడ్డ రోజుల్లో ఎవడు మునుగుతుంటే వాడికి తాడు. ఆ ప్లాన్ మీద రేపు మంత్రులు సంతకాలు పెట్టాలి. పెడితే ఫ్రాంక్ నిలుస్తుంది. పెట్టకపోతే..."

ఆమె వాక్యం పూర్తి చేయలేదు. ఐదేళ్ళ కిందట ఫ్రాంక్ విలువ ఒక్క పూటలో సగమైన సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు.

"చంపింది ఎవరు?"

"ఏడో పీపా."

ఫిర్మాన్‌కి ఆ పేరు తెలుసు. జెనీవాలో కూర్చుని చమురు కొని అమ్మే ముఠా. ఈ తీరంలో ఎక్కడ ఏడు పీపాలు తోడినా ఏడోది తమదేనని వాళ్ళ ధీమా. ఇక్కడ వాళ్ళ మనిషి లూడో వాన్ ఆకర్. తెల్లటి సూటు, మెల్లటి మాట.

"వాళ్ళు మన బ్యాంకుల్లో కొండంత అప్పు ఫ్రాంకుల్లో తీసుకుని డాలర్లుగా మార్చేశారు. ఫ్రాంక్ సగమైతే వాళ్ళ అప్పు సగం. ప్రభుత్వాలు దివాలా తీస్తే, మన మనవల కాలానికి తోడాల్సిన చమురు కూడా ఇప్పుడే కారుచౌకగా రాయించుకుంటారు. ఎలంగా ప్రసంగాలన్నీ ఎందుకు తీసుకుపోయారో ఇప్పుడు అర్థమైందా?"

"టేపు ముక్కలు కోసి అతికించి, ఆయన ఎన్నడూ అనని మాట ఆయన గొంతుతో అనిపించడానికి."

"ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలియదు. అది చెప్పేది ఒక్కతే. త్రినిదాద్ న్చామా."

"ఆ దుబాసీ? మంత్రుల మీటింగుల్లో స్పానిష్ చెప్పే ఆవిడా? ఆమె వాన్ ఆకర్ మనిషి కదా!"

"వాడి మనిషి. మన మనిషి కూడా. రెండు చోట్లా జీతం తీసుకుంటుంది. ఆమె చెప్పేదాంట్లో సగం నమ్ము. ఏ సగమో నువ్వే తేల్చుకో."

మదామ్ బసోంగ్ సొరుగులోంచి ఒక సిగరెట్ లైటర్ తీసి ఇచ్చింది. "మీట నొక్కితే మంట రాదు. లోపల అయస్కాంతం ఉంది. టేపు మీద ఒకసారి తిప్పావంటే దాంట్లో దేవుడి గొంతున్నా తుడిచిపెట్టుకుపోతుంది."

*

సాయంత్రం సముద్రపు రోడ్డు మీద జనం ఎప్పటిలాగే వచ్చే ప్రతి టాక్సీకీ తమ చోటూ, ఇవ్వగల డబ్బూ అరిచి చెబుతున్నారు. ఆకుపచ్చ పట్టు గౌను వేసుకున్న ఒక స్త్రీ మాత్రం అరవలేదు. చెయ్యి ఎత్తింది, నాలుగు టాక్సీలు ఒకదాన్నొకటి గుద్దుకోబోయాయి. ఆమె నడిచి వచ్చి ఐదో టాక్సీ కిటికీలోకి వంగింది.

"డ్రైవరన్నా, పొగబెట్టిన చేప వాసన వస్తోందేమిటి?"

"చేప తినేశానమ్మా. ముళ్ళు మిగిలాయి."

"ముళ్ళే నాకు కావాలి," అని త్రినిదాద్ వెనక సీట్లో కూర్చుంది.

ఫిర్మాన్ బండి పోనిచ్చాడు. అద్దంలో ఆమె కళ్ళు ఎర్రగా కనిపించాయి.

"ఆయన్ని చంపుతారని నాకు చెప్పలేదు," అంది.

"చెబితే ఏం చేసేదానివి? రేటు పెంచేదానివా?"

"తిట్టు. నీకు ఆ హక్కు ఉంది." ఆమె కిటికీ వైపు తిరిగింది. "పదేళ్ళు ఆయన మాటలు నా నోట్లో పెట్టుకుని తిరిగాను ఫిర్మాన్. ఆయన ఫ్రెంచిలో అన్నది నేను స్పానిష్‌లో అనేదాన్ని. జోకు వేస్తే నేనూ వేయాలి, కోపమొస్తే నేనూ కోప్పడాలి. పొద్దున ఆయన నాకు ఫోన్ చేసి, 'అమ్మాయ్, రేపు నా కోసం కొంచెం గట్టిగా మాట్లాడు' అన్నాడు."

"టేపు ఎక్కడ?"

"సబ్లియేర్‌లో, వాన్ ఆకర్ బంగళాలో. చదువుకునే గదిలో మెషీన్ మీదే ఉంది. రేపు ఒంటిగంట వార్తల్లో వేస్తారు. రేడియో ఈక్వటార్‌లో. ఆరు దేశాలూ వింటాయి."

"రేపు ఒంటిగంటకి గవర్నర్, మంత్రులు తలుపులు మూసుకుని మీటింగులో ఉంటారు."

"ఫోన్లు కూడా కోసేస్తారు. సంతకాలు అయ్యేదాకా బయటి మాట లోపలికి పోకూడదని వాళ్ళే రూలు పెట్టుకున్నారు. వాళ్ళు బయటికొచ్చి అది అబద్ధం అని చెప్పేసరికి బ్యాంకుల ముందు శవాలు లేస్తాయి. ఆ తరువాత అబద్ధమే నిజమైపోతుంది."

"నువ్వెందుకు చెబుతున్నావ్ ఇదంతా?"

"నమ్మకపోతే ఇక్కడే దింపెయ్."

ఫిర్మాన్ దింపలేదు.

*

మరునాడు పొద్దున మొదలైన వాన పన్నెండు దాటినా దంచేస్తోంది. నీలం రంగు డ్రెస్సు, చేతిలో పనిముట్ల పెట్టె, నెత్తిన కంపెనీ టోపీ. ఏసీ మెకానిక్ వేషంలో ఫిర్మాన్ బంగళాలోకి నడిచాడు. వంటవాడు గది చూపించి వెళ్ళిపోయాడు.

టేపు మెషీన్ మీదే ఉంది. ఆమె చెప్పినట్టే.

ఫిర్మాన్ హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని మీట నొక్కాడు.

"ప్రియమైన సోదర సోదరీమణులారా..."

తనకి తెలియకుండానే అతను నిటారుగా నిలబడ్డాడు. అదే గొంతు. మాటకీ మాటకీ మధ్య ఎలంగా తీసే అదే ఊపిరి. "రేపటి నుంచి మన ఫ్రాంక్ విలువ సగానికి తగ్గుతుంది. అందరూ ప్రశాంతంగా ఉండవలసిందిగా..."

ఐదేళ్ళ కిందట ఇలాంటి మాటే రేడియోలో విన్నప్పుడు వాళ్ళమ్మ స్టవ్ మీద సూది మరిగిస్తోంది. ఆమెకి షుగర్. మందులషాపులో ఇన్సులిన్ సీసా ధర వారం తిరక్కముందే రెండింతలైంది. అమ్మ ఎవరికీ చెప్పలేదు. సగం మందు ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. ఫిర్మాన్ జీతం పెరిగేదాకా సర్దుకుందామనుకుంది. జీతం పెరగలేదు. ఆ యేటి వానలు ఆగేలోపు ఆమె పోయింది. ఫ్రిజ్‌లో ఆమె దాచుకున్న సీసా దొరికింది, అడుగున ఇంకా మందు ఉంది.

అతను లైటర్ తీసి మీట నొక్కి, తిరిగే చక్రం మీద తిప్పాడు. గొంతు గొరగొరమంది, అరిగిపోయింది, చివరికి వట్టి హోరు మిగిలింది.

"మా ఏసీ బాగానే పనిచేస్తోందే?"

గుమ్మంలో వాన్ ఆకర్. తెల్లటి సూటు. చేతిలో కాఫీ కప్పు.

"గ్యాస్ కొంచెం తక్కువుందండీ. నింపేశాను."

"సంతోషం. చాలా సంతోషం." ముసలాయన నవ్వుతూ పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. జేబులోంచి నోటు తీసి ఫిర్మాన్ చేతిలో పెట్టాడు. "వానలో జాగ్రత్తగా వెళ్ళు బాబూ."

ఫిర్మాన్ వీధి చివర ఫోన్ బూత్‌లోంచి ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, తుడిచేశాను."

అవతల పెద్ద నిట్టూర్పు. "బతికించావురా నాయనా. రేడియో దగ్గర కాపలా పెట్టిన మనవాళ్ళని మీటింగు హాలు దగ్గరికి పంపిస్తున్నా. మంత్రుల్ని కాయాలిప్పుడు."

టాక్సీ ఎక్కి సిగరెట్ ముట్టించబోతే ఆ లైటర్‌కి మంట లేదని గుర్తొచ్చింది. నవ్వుకున్నాడు. బజారు మీదుగా పోతున్నాడు. ప్రతి కొట్టులోనూ రేడియో పాడుతోంది. పాట మధ్యలో ఆగింది.

"శ్రోతలకు ముఖ్య గమనిక. ఒంటిగంట వార్తల్లో గవర్నర్ ఎలంగా గారి ప్రత్యేక ప్రకటన. దయచేసి రేడియో దగ్గరే ఉండండి."

ఫిర్మాన్ బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక కార్లు బండబూతులు తిట్టాయి.

అందుకే నవ్వాడు వాడు. అందుకే దారి ఇచ్చాడు. తను వెళ్ళి 'పని అయిపోయింది' అని చెప్పాలి, రేడియో దగ్గర కాపలా ఎత్తేయాలి. బంగళాలో టేపు ఎర. అసలుది ఎప్పుడో స్టూడియో చేరిపోయింది. త్రినిదాద్ తనని అమ్మేసిందా, లేక ఆమెనే పట్టుకోవడానికి వాన్ ఆకర్ ఆ ఎర వేశాడా? ఆలోచించే తీరిక లేదు.

పక్కనున్న పచారీ కొట్టులోకి పరిగెత్తి ఫోన్ లాక్కుని, మీటింగు హాలు బయట ఉన్న మదామ్ బసోంగ్ సెల్‌ఫోన్‌కి చేశాడు.

"పెద్దమ్మా, రెండో టేపు ఉంది! గవర్నర్‌ని బయటికి లాక్కురా!"

"లోపలినుంచి తాళం వేసుకున్నారురా! కాపలావాళ్ళు నన్నే ఆపుతున్నారు!"

"పోలీసులు?"

"నేనెవరో వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు పైవాళ్ళకి చెప్పాలి, నేనంటూ ఒకదాన్ని ఉన్నానని పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఈలోగా వార్తలు అయిపోయి పాటలు వస్తాయి. మనవాళ్ళు ఇక్కడికి వచ్చేశారు, తిరిగి కొండెక్కేసరికి అయిపోతుంది. నువ్వే వెళ్ళు. ఎలా ఆపుతావో నాకు తెలియదు. ఆపు!"

*

రేడియో ఈక్వటార్ కొండ మీద ఉంది. కొండెక్కే రోడ్డు వాగై పారుతోంది. టాక్సీ ఇంజను దగ్గుతూ ఎక్కింది. డాష్‌బోర్డు మీద రేడియోలో వార్తల సంగీతం మొదలైంది.

గేటు మూసి ఉంది. లోపల కాపలా దుస్తుల్లో కిరాయి మనుషులు, చేతుల్లో తుపాకులు. ఒకడు వానలోంచి కేకేశాడు.

"ఇక్కడ సవారీ లేదు పోరా!"

ఫిర్మాన్ జేబులో లైటర్ ఉంది, అది ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. పిస్తోలు ఉంది, దాంతో ఆ గేటు దాటలేడు. వెనక్కి తిరిగి చూశాడు. మలుపులో కరెంటు స్తంభం, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్.

"శ్రోతలారా," రేడియోలో వార్తలు చదివే ఆమె గొంతు వణుకుతోంది. ఆమె వెనక ఎవడో నిలబడి ఉన్నాడని ఆ వణుకే చెబుతోంది. "ఇప్పుడు గవర్నర్‌గారి..."

అతను టాక్సీని మలుపు దాకా వెనక్కి పోనిచ్చి, గేరు మార్చి, యాక్సిలరేటర్ తొక్కి పట్టాడు.

స్తంభం విరిగిన చప్పుడు అతనికి వినిపించలేదు. కళ్ళు తెరిచేసరికి స్టీరింగు ఛాతీలో గుచ్చుకుని ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ నీలం మంటలు కక్కి ఆరిపోయింది. కొండ మీద దీపాలన్నీ పోయాయి. రేడియో మూగబోయింది.

ఆగిపోయింది. దేవుడా, ఆగిపోయింది.

అప్పుడు గోడ అవతల ఏదో దగ్గింది. మళ్ళీ దగ్గింది. అందుకుంది. దడదడదడ. జనరేటర్.

ఫిర్మాన్ తలుపు తన్ని బయటపడ్డాడు. పక్కటెముకలు విరిగాయని ఊపిరి తీసినప్పుడు తెలిసింది. వెనక గోడ దగ్గరికి పాకాడు. ఎదురుగా ఉన్న ఇంటి అరుగు మీద ఒక అవ్వ బ్యాటరీల రేడియో చెవికి ఆనించుకుని కూర్చుంది. అది గొరగొరమని మళ్ళీ ప్రాణం పోసుకుంది.

"ప్రియమైన సోదర సోదరీమణులారా. రేపటి నుంచి మన ఫ్రాంక్ విలువ..."

నిశ్శబ్దం. జనరేటర్ ఒకసారి ఎక్కిళ్ళు పెట్టి చచ్చిపోయింది.

ఫిర్మాన్ గోడ మీదినుంచి అవతలికి పడ్డాడు. జనరేటర్ షెడ్డులో త్రినిదాద్ నిలబడి ఉంది. డీజిల్ గొట్టం పీకి రెండు చేతులా పట్టుకుంది. ఆకుపచ్చ పట్టు గౌను నిండా డీజిల్. ఎదురుగా పిస్తోలుతో వాన్ ఆకర్.

"మీటింగుకి పోనివ్వకుండా, ఈ టేపు మాటలు స్పానిష్‌లో చెప్పమని తీసుకొచ్చాను నిన్ను," అన్నాడతను, మెల్లగానే. "గొట్టం మళ్ళీ పెట్టు."

"పెట్టను."

"బంగళాలో టేపు ఉందని నీకొక్కదానికే చెప్పాను త్రినిదాద్. అది చాలదా, నువ్వేమిటో నాకు తెలియడానికి? అయినా బతకనిచ్చాను. గొట్టం పెట్టు."

"డాక్టర్‌గారు ఈ రోజు నన్ను గట్టిగా మాట్లాడమన్నాడు," అంది ఆమె. "ఇదే నేను మాట్లాడగలిగినంత గట్టిగా."

పిస్తోలు పేలింది. అదే క్షణంలో ఫిర్మాన్ అతని కాళ్ళ మీద పడ్డాడు. ఇద్దరూ బురదలో దొర్లారు. ఫిర్మాన్‌కి ఊపిరి ఆడటం లేదు. ముసలివాడైనా వాన్ ఆకర్ వేళ్ళు అతని గొంతు మీద ఉక్కులా బిగిశాయి. కళ్ళు చీకట్లు కమ్ముతుంటే ఏదో ఖంగుమంది. వేళ్ళు వదులయ్యాయి. భుజం మీంచి నెత్తురు కారుతూ త్రినిదాద్, ఒక చేత్తో ఖాళీ డీజిల్ డబ్బా.

"కాపలావాళ్ళు?" అన్నాడు ఫిర్మాన్.

ఆమె గేటు వైపు తల ఊపింది. గేటు బార్లా తెరిచి ఉంది. తుపాకులు నేల మీద పడి ఉన్నాయి. ఆ సగం వాక్యం వాళ్ళూ విన్నారు. తమ పొదుపు డబ్బులు కాపాడుకోవడానికి బ్యాంకుకి పరిగెత్తారు.

వాన్ ఆకర్ తల పట్టుకుని లేచి కూర్చుని, తన పిస్తోలు ఫిర్మాన్ చేతిలో చూసి కూడా నవ్వాడు.

"ఏం ఆపావు బాబూ? కింద విను."

కొండ కింద నగరం లేచింది. హారన్లు. షట్టర్లు దించుతున్న చప్పుడు. ఆడవాళ్ళ కేకలు. రొట్టెల కొట్టు దగ్గర ఎవడో ధర రెట్టింపు చేశాడు, అక్కడే తోపులాట మొదలైంది.

"మిగిలిన సగం వాళ్ళే పూర్తి చేసుకుంటారు," అన్నాడు వాన్ ఆకర్. "ఎప్పుడూ చెడ్డగానే పూర్తి చేస్తారు. నేను ఆ టేపు మొత్తం చేయించాల్సిన పనే లేకపోయింది."

త్రినిదాద్ గోడకి ఆనుకుని నేల మీదికి జారింది. ఫిర్మాన్ తన చొక్కా చించి ఆమె భుజానికి కట్టాడు. వానలో, ఓడిపోయిన మనిషిలా, కిందినుంచి వస్తున్న ఆ హోరు వింటూ కూర్చున్నాడు. అమ్మ, సీసా, డాక్టర్ పళ్ళెం. అన్నీ వృథా.

*

మీటింగు హాలు తలుపు దగ్గర మదామ్ బసోంగ్ కూడా ఆ సగం వాక్యం విన్నది. కాపలావాడి నడుముకి ఉన్న చిన్న రేడియోలోంచి. కాపలావాడి ముఖం పాలిపోయింది.

"మా చెల్లి పెళ్ళి డబ్బు అమ్మా... బ్యాంకులో..."

"అయితే తలుపు తియ్యి!"

తీశాడు. ఆమె లోపలికి తుపానులా వెళ్ళింది. గుండ్రటి బల్ల చుట్టూ మంత్రులు, మధ్యలో గవర్నర్ ఎలంగా, మకాయా కోసం ఉంచిన ఖాళీ కుర్చీ. ఎవరూ ఇంకా సంతకం పెట్టలేదు. కొత్త చమురు దేశపు మంత్రి కోటు వేసుకుని వెళ్ళిపోవడానికి లేచి నిలబడి ఉన్నాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు ఒక మంత్రి.

"నేనెవరినీ కాను. కిటికీలు తెరవండి."

తెరిచారు. నగరం గొంతు లోపలికి వచ్చింది. ఆ మంత్రుల్లో చాలామంది ఐదేళ్ళ కిందట ఆ గొంతు విన్నవాళ్ళే.

మదామ్ బసోంగ్ జరిగింది చెప్పింది. ఎలంగా తెల్లబోయాడు. "వెళ్ళి అబద్ధం అని చెబుతాను. ఇప్పుడే!"

"ఏమని చెబుతారు?" అన్నాడు నిలబడ్డ మంత్రి. "ఫ్రాంక్ భద్రంగా ఉందనా? ఖజానా వట్టిపోతోందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ సంతకాలు లేకుండా మీరు చెబితే అదీ అబద్ధమే."

వాన లోపలికి కొడుతోంది. ఆ మంత్రి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రోడ్డు మీద ఒక తల్లి, వీపున బిడ్డ, రెండు చేతులా పాలడబ్బాలు ఎత్తుకుని పరిగెడుతోంది. ధర పెరిగేలోపు కొన్నంత కొనుక్కుంది కాబోలు.

"మా ఊళ్ళోనూ ఇప్పుడు ఇంతే కదా?" అన్నాడాయన.

"ఇంతే అయ్యా. ఫ్రాంక్ ఒకటే," అంది మదామ్ బసోంగ్.

ఆయన కోటు తీసి కుర్చీ మీద పడేశాడు. "కలం ఇవ్వండి. కానీ వినండి, మంచి రోజులొచ్చాక ఎవడైనా ఆ నిధిలో చెయ్యి పెట్టాడో, వాడి చెయ్యి నేనే విరగ్గొడతాను."

"మకాయా అయితే దాన్నీ ఒక షరతుగా రాసేవాడు," అన్నాడు ఎలంగా తడి కళ్ళతో.

అందరూ సంతకాలు పెట్టారు.

*

గవర్నర్‌ని కొండ మీదికి చేర్చింది చేపలు మోసే వ్యాను. మిగతా కార్లు జనంలోంచి కదల్లేదు. ఫిర్మాన్ గొట్టం తిరిగి బిగించాడు, విరిగిన ఎముకలతో హ్యాండిల్ తిప్పాడు. జనరేటర్ అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. కళ్ళ ముందు చుక్కలు. మూడోసారి అతనితో పాటు గవర్నర్ కూడా హ్యాండిల్ పట్టుకున్నాడు. దడదడదడ.

ఎలంగా మైకు ముందు కూర్చున్నాడు. బురద చేతులు, చేపల వాసన. వార్తలు చదివే అమ్మాయి ఏడుస్తూనే మీటలు సరిచేసింది.

"ఏ మాట దగ్గర ఆగింది?" అని అడిగాడు.

త్రినిదాద్ గాజుగది గుమ్మంలో ఫిర్మాన్ భుజం ఆసరాగా నిలబడి ఉంది. పదేళ్ళుగా ఇతరుల వాక్యాలు పూర్తి చేయడమే ఆమె పని.

"'రేపటి నుంచి మన ఫ్రాంక్ విలువ' అన్నారు మీరు," అంది.

ఎర్రదీపం వెలిగింది. ఎలంగా ఊపిరి తీసుకున్నాడు.

"...ఈ రోజు ఎంతో అంతే. కరెంటు పోయినందుకు క్షమించండి. నేను ఎలంగాని మాట్లాడుతున్నాను. ఆరు దేశాలూ ఇప్పుడే ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. అది డాక్టర్ అన్సెల్మ్ మకాయా రాసింది. ఆయన నిన్న చనిపోయారు. మీరు కొన్న పాలడబ్బాలు తిరిగి ఇవ్వక్కర్లేదు, కానీ ఇక చాలు, ఇళ్ళకి వెళ్ళండి. ధర రెట్టింపు చేసిన వ్యాపారులకి ఒక మాట. మీరెవరో మీ పక్కింటివాళ్ళకి తెలుసు."

త్రినిదాద్ రెండో మైకు దగ్గరికి వంగి అదే మాట స్పానిష్‌లో చెప్పింది. కొంచెం గట్టిగానే చెప్పింది.

చాలాసేపటికి కొండ కింద హోరు పలచబడింది. ముందు హారన్లు ఆగాయి. తరువాత ఎవరో ఒక షట్టర్ పైకెత్తారు.

షెడ్డులో సంకెళ్ళతో కూర్చున్న వాన్ ఆకర్ ముందు మదామ్ బసోంగ్ నిలబడింది. సగం అల్లిన జడల్లోంచి వాననీళ్ళు కారుతున్నాయి.

"మకాయా మూడేళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డాడు, ఒక్కడూ సంతకం పెట్టలేదు," అంది. "నువ్వు సగం వాక్యం వినిపించావు, అందరూ పెట్టారు. ఆయన సమాధి మీద నీ పేరు కూడా వేయించాలేమో!"

"నేను జెనీవాకి ఫోన్ చేసుకోవాలి," అన్నాడు వాన్ ఆకర్. "నా లాయర్‌కి. అది నా హక్కు."

"తప్పకుండా చేసుకో," అంది మదామ్ బసోంగ్. "బిల్లు మాత్రం ఫ్రాంకుల్లోనే కట్టాలి. పూర్తి ఫ్రాంకుల్లో."